డ్రైవ్-ఇన్ ఆరాధనకు ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్: ఏ పెట్టె కొనాలి, కొన్నాక ఎక్కడ పెట్టాలి

అమెరికాలో వంద కార్ల లోపు డ్రైవ్-ఇన్ ఆరాధనకు ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో ప్రసారాల నియంత్రణ సంస్థ) సర్టిఫికేషన్ ఉన్న, కారు రేడియోలకి సౌండ్ పంపే చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చాలు. ముందే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా సంఘాలు మొదటి ఆదివారం సౌండ్ సరిగ్గా రాలేదని, రెండో ఆదివారానికల్లా ఆన్‌లైన్‌లో 7 వాట్ల పెట్టె ఆర్డర్ పెట్టేస్తాయి. పెట్టె మారుతుంది కానీ గరగర పోదు, ఎందుకంటే అది వాట్లు చాలక వచ్చిన గరగర కాదు. పెట్టెని స్టేజి కింద దాచడం, స్టీరియోలో నడపడం, మిక్సర్ నుంచి మోతాదు మించిన లెవెల్ పంపడం, పక్క స్టేషన్‌కి ఆనుకున్న ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడం - నూటికి తొంభై చోట్ల గొడవ ఈ నాలుగింటిలోనే ఉంటుంది.

కార్లలో కూర్చుని వాక్యం వినడం కొత్తేమీ కాదు. 1955లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో రాబర్ట్ షూలర్ ఒక డ్రైవ్-ఇన్ సినిమా థియేటర్ స్నాక్ బార్ కప్పు మీద నిలబడి ప్రసంగించారు. అప్పుడు కారు కిటికీకి తగిలించుకునే స్పీకర్లు ఉండేవి. 2020 ఈస్టర్ నాటికి ఆ పని కారు రేడియో చేస్తోంది. ఆ ఏప్రిల్‌లో మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో డ్రైవ్-ఇన్ ఆరాధనకు వచ్చినవాళ్ళకి పోలీసులు 500 డాలర్ల టికెట్లు రాస్తే, అమెరికా న్యాయశాఖ సంఘం పక్షాన కోర్టులో తన అభిప్రాయం దాఖలు చేసింది. కోవిడ్ అయిపోయినా ఈ పద్ధతి పోలేదు. ఈస్టర్ ఉదయకాల ఆరాధన, క్రిస్మస్ పాటలు, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన లాంటివి ఆరుబయట పెట్టుకునే సంఘాలు ఉన్నాయి. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు, పసిపిల్లల తల్లులు కార్లోంచే వినగలగడం చిన్న మేలు కాదు. డల్లాస్, న్యూజెర్సీ, హ్యూస్టన్ వైపు తెలుగు సంఘాలు చాలా వరకు అమెరికన్ చర్చి భవనాల్ని మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుని నడుస్తాయి కాబట్టి ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. అది చట్టం దగ్గర చెబుతాం.

చట్టం ఎంత ఇస్తుంది, ఆ ఇచ్చింది ఎంత దూరం పోతుంది

లైసెన్స్ లేకుండా 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేయడానికి ఎఫ్‌సీసీ పార్ట్ 15 నియమాలు ఒక్క హద్దు పెట్టాయి: ట్రాన్స్‌మిటర్‌కి 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 250 మైక్రోవోల్ట్‌లు దాటకూడదు. లెక్క కడితే ఇది యాంటెన్నా నుంచి బయటికి వచ్చే సుమారు 19 నానోవాట్లకు సమానం. ‘అర వాట్ పెట్టే కదా, చిన్నదే’ అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. అర వాట్ అంటే ఆ హద్దుకి రెండున్నర కోట్ల రెట్లకు పైమాటే.

ఇంత తక్కువ శక్తితో ఎంత దూరం? సుమారు 200 అడుగులని ఎఫ్‌సీసీయే చెబుతుంది. ఆ దూరం దాకా అందరికీ శుభ్రంగా వినిపిస్తుందని కాదు. కొన అంచున మంచి యాంటెన్నా ఉన్న కారుకి అందుతుంది, వెనక అద్దంలో యాంటెన్నా తీగ ఉన్న కారుకి హోరు వస్తుంది. అందుకని 100 అడుగుల వ్యాసార్థాన్ని గట్టి హద్దుగా పెట్టుకోండి. ఆ వృత్తం వైశాల్యం 31,400 చదరపు అడుగులు. దారితో కలిపి కారుకి సుమారు 330 చదరపు అడుగులు వేసుకుంటే 90కి పైగా కార్లు పడతాయి. ఒక గడి వదిలి ఒక గడిలో ఆపిస్తే సగం. చాలా తెలుగు సంఘాలకు ఇది ఎక్కువే.

అయితే ఈ లెక్క పెట్టె వృత్తం మధ్యలో ఉన్నప్పుడే. పాస్టర్ గారు నిలబడే వేదిక పార్కింగ్ లాట్‌కి ఒక చివర ఉంటుంది, మిక్సర్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌నీ అక్కడే మిక్సర్ పక్కన పెట్టేస్తారు. దాంతో సగం సిగ్నల్ వెనకున్న గోడకీ గడ్డికీ పోతుంది, చివరి వరుస 200 అడుగులు దాటిపోతుంది. పైగా కేబుళ్ళ మధ్య, ఇనప స్టాండ్ల మధ్య, నేలకి రెండడుగుల ఎత్తులో ఉన్న యాంటెన్నా ముందు వరుస కార్ల ఇనుముకే కొట్టుకుని ఆగిపోతుంది.

చేయాల్సింది ఇదీ. 10 అడుగుల పీవీసీ గొట్టాన్ని బరువైన గొడుగు దిమ్మలో నిలబెట్టండి. ఇనప స్తంభం వద్దు, అది యాంటెన్నా పక్కన ఉంటే సిగ్నల్ ఏ దిక్కుకి ఎంత పోతుందో మన చేతిలో ఉండదు. ట్రాన్స్‌మిటర్‌ని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, యాంటెన్నా నిటారుగా ఉండేలా గొట్టం కొనకి కట్టండి. డబ్బా అడుగున వేలు పట్టేంత రంధ్రం ఒకటి, తీగలకీ లోపల చేరే తేమకీ. మిక్సర్ నుంచి ఇక్కడికి బ్యాలెన్స్‌డ్ ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (స్టేజి మైక్‌లకి వాడే మూడు పిన్నుల తీగ) లాగండి, 100 అడుగులైనా హమ్ (గుయ్‌మనే కరెంట్ శబ్దం) పట్టదు. హెడ్‌ఫోన్ పిన్ను ఉండే 3.5 ఎంఎం కేబుల్‌ని 100 అడుగులు లాగితే మాత్రం హమ్ తప్పదు. ఆడియో తీగకీ పవర్ తీగకీ పెట్టె దగ్గర ఒక్కో ఫెర్రైట్ క్లిప్ (తీగ చుట్టూ బిగించి, దానిలో రేడియో సిగ్నల్ పారకుండా ఆపే ముక్క) వేయండి. లేకపోతే చిన్న పెట్టెల్లో ఆ తీగలే సగం యాంటెన్నాగా పనిచేస్తాయి, ఎవరైనా తీగని కాలితో కదిపినప్పుడల్లా సిగ్నల్ మారుతుంది. ఇందులో చట్టాన్ని మీరేదీ ఏమీ లేదు: పెట్టె మారలేదు, యాంటెన్నా మారలేదు, ఉండే చోటు మాత్రమే మారింది.

యాంటెన్నా విప్పి బయటి పెద్ద యాంటెన్నా తగిలించడం మాత్రం కుదరదు. సర్టిఫై అయిన పెట్టెలకు యాంటెన్నా విడదీయరాకుండా గానీ, వేరే యాంటెన్నా పట్టని ప్రత్యేక కనెక్టర్‌తో గానీ ఉండాలని నియమం, దాన్ని మార్చిన క్షణం సర్టిఫికేషన్ చెల్లదు. పెట్టె లోపలి స్క్రూ తిప్పి పవర్ పెంచే వీడియోలు, రహస్య బటన్ కాంబినేషన్లు కూడా అంతే.

లాట్ పొడుగ్గా ఉండి ఒక్క పెట్టె చాలకపోతే రెండు పెట్టెలు, రెండు ఫ్రీక్వెన్సీలు. ముందు సగానికి 88.5, వెనక సగానికి 106.9 అన్నట్టు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండూ నడిపితే రెండు సిగ్నళ్ళూ సమానంగా అందే మధ్య వరుసల్లో మాట ముక్కలైపోతుంది. రెండో పెట్టెకి మిక్సర్ నుంచి ఇంకో ఎక్స్ఎల్ఆర్ లాగండి, గేటు దగ్గర రెండు బోర్డులు పెట్టండి.

పెట్టెలు

హోల్ హౌస్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ 3.0. వంద డాలర్లకి అటూ ఇటూ. ఇంట్లో అన్ని గదుల రేడియోలకీ పాటలు పంపడానికి చేసింది, కానీ ఈ ధరలో ఆరాధనకు మా మొదటి ఎంపిక ఇదే. ఫ్రీక్వెన్సీ డిజిటల్, జారిపోదు. సర్టిఫై అయినది. పైన చెప్పినట్టు గొట్టం మీద పెడితే 40, 50 కార్ల సంఘానికి నిశ్చింతగా నడుస్తుంది. దీని బలహీనత ఆడియో ఇన్‌పుట్‌లో ఉంది. ఫోన్, కంప్యూటర్ ఇచ్చే లెవెల్‌కి చేసిన పెట్టెకి స్టేజి మిక్సర్ నేరుగా తగిలిస్తే నెత్తిన బండ వేసినట్టే. దీనికి మందు కింద ఉంది.

సీ క్రేన్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ 2. దానికంటే చిన్నది, డబుల్-ఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. కరెంట్ లేని పార్కులో ఉదయకాల ఆరాధన పెట్టుకునే 15, 20 కార్ల గుంపుకి బాగుంటుంది. బ్యాటరీ మీద నడిపితే అడాప్టర్ హమ్ అనే సమస్యే ఉండదు, ఇది నిజంగా పెద్ద లాభం. అంతకు మించిన గుంపుకి దీన్ని నమ్ముకోవద్దు.

డెకేడ్ ఎంఎస్-100. కెనడాలోని క్యుబెక్ కంపెనీది. ధర పై రెండింటికంటే చాలా ఎక్కువ. అది సిగ్నల్ దూరానికి పెట్టే ధర కాదు (హద్దు అందరికీ ఒక్కటే), ఆడియో నాణ్యతకీ ఏళ్ళ తరబడి నడిచే గట్టిదనానికీ పెట్టేది. ప్రతి ఆదివారం నడిపే సంఘమైతే కొనండి, ఏడాదికి రెండు పండుగలకైతే అనవసరం. ఒక జాగ్రత్త: కెనడా హద్దు 30 మీటర్ల దగ్గర మీటరుకి 100 మైక్రోవోల్ట్‌లు, అంటే సిగ్నల్ బలంలో అమెరికా హద్దుకి నాలుగు రెట్లు. టొరంటోలో బంధువుల సంఘం వాడుతున్న పెట్టెని డెట్రాయిట్‌కి తెచ్చుకుని వాడదామంటే, అక్కడి హద్దుకి సర్దిన పెట్టె ఇక్కడ చట్టవిరుద్ధం. టొరంటోలో ఉన్నవాళ్ళకి మాత్రం ఆ నాలుగు రెట్లు పెద్ద వరం.

కారు సిగరెట్ లైటర్‌లో గుచ్చే బ్లూటూత్ ఎఫ్ఎం ముక్కలు 20 డాలర్లకి దొరుకుతాయి. అవి ఆ ఒక్క కారు కోసమే. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక సీజెడ్ఈ-05బీ, సీజెడ్ఈ-7సీ, ఎస్టీ-05బీ లాంటి పేర్లతో ఆన్‌లైన్‌లో దొరికే అర వాట్, 7 వాట్ల, 15 వాట్ల పెట్టెలు. ధర ఊరిస్తుంది, ‘చర్చి, డ్రైవ్-ఇన్‌కి’ అని అమ్మకం పేజీలోనే రాసి ఉంటుంది. అమెరికాలో లైసెన్స్ లేకుండా వీటిని యాంటెన్నాకి తగిలించి నడపడానికి ఏ దారీ లేదు. సాంకేతికంగా చూసినా ఇవి మన పనికి చెడ్డ పెట్టెలు. 7 వాట్ల యాంటెన్నా పక్కనే మిక్సర్ ఉంటే ఆ రేడియో శక్తి మైక్ తీగల్లోకి దూరి గుర్రుమంటుంది. ముందు వరుస కారు రేడియోలు ఆ బలానికి ఉక్కిరిబిక్కిరై పక్క ఫ్రీక్వెన్సీల్లో కూడా మన గొంతే వినిపిస్తాయి. యాంటెన్నా సరిగ్గా మ్యాచ్ కాకపోతే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. ఫిల్టర్ చవకది కాబట్టి రెండో హార్మోనిక్ (మన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర పుట్టే అక్కర్లేని సిగ్నల్) 176 నుంచి 216 మెగాహెర్ట్జ్‌లో, అంటే చుట్టుపక్కల ఇళ్ళ టీవీ ఛానెళ్ళ మీద పడుతుంది. 108 దాటగానే విమానాల బ్యాండ్ మొదలవుతుందని కూడా మరవకూడదు. ఇవన్నీ పోగా వీటిలో చాలావాటి ప్రీ-ఎంఫసిస్ (సన్నని శబ్దాల్ని ప్రసారానికి ముందే పెంచే అమరిక, రేడియో వాటిని మళ్ళీ అంతే తగ్గిస్తుంది) 50 మైక్రోసెకన్లకు బిగించి ఉంటుంది. అమెరికా రేడియోలు 75కి చేసినవి. ఫలితంగా స, శ, చ అక్షరాలు మొద్దుబారి, దుప్పటి చాటు నుంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. అప్పుడు సౌండ్ చూసే తమ్ముడు మిక్సర్‌లో ట్రెబుల్ పెంచుతాడు, దాంతో ఈల మొదలవుతుంది.

చట్టం సంగతి. 2020 జనవరిలో వచ్చిన పైరేట్ చట్టం ప్రకారం అనధికార ప్రసారానికి జరిమానా రోజుకి లక్ష డాలర్ల వరకు, మొత్తం 20 లక్షల వరకు, ఆ పైన ద్రవ్యోల్బణాన్ని బట్టి పెంపు. మామూలుగా ముందు నోటీసు వస్తుంది, మొదటి రోజే జరిమానా వేయరు. కానీ తెలిసీ తమ స్థలంలో అనధికార ప్రసారం జరగనిచ్చిన యజమానిని కూడా ఆ చట్టం బాధ్యుణ్ణి చేస్తుంది. అద్దెకి ఉన్న తెలుగు సంఘం పెట్టిన పెట్టెకి, మనల్ని నమ్మి తాళం చెవి ఇచ్చిన అమెరికన్ చర్చి చిక్కుల్లో పడుతుంది. మనకి చోటిచ్చిన వాళ్ళని ఆ స్థితికి తేకూడదు. పెట్టె వెనక ఎఫ్‌సీసీ ఐడీ నంబర్ ఉందో లేదో చూసి, ఆ నంబర్‌ని ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో వెతికి, అది 88-108 ట్రాన్స్‌మిటర్‌గానే నమోదైందో లేదో సరిచూడండి. బ్లూటూత్ భాగానికి మాత్రమే ఐడీ ఉన్న పెట్టెలూ అమ్ముతారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ వ్యాసం చదివేవాళ్ళకి: పార్ట్ 15 అమెరికా నియమం. మన దగ్గర రేడియో పరికరాల అనుమతులు చూసేది డబ్ల్యూపీసీ, వాళ్ళ నియమాలు వేరు.

ఏఎం సంగతి

ఏఎం బ్యాండ్‌లో పార్ట్ 15 ఇంకో దారి ఇస్తుంది: చివరి దశకి 100 మిల్లీవాట్ల ఇన్‌పుట్, యాంటెన్నా, దాని తీగ, గ్రౌండ్ తీగ అన్నీ కలిపి 3 మీటర్లు మించకూడదు. హామిల్టన్ రేంజ్‌మాస్టర్ ఏఎం1000, టాకింగ్ హౌస్ ఈ కోవలోవి. మంచి గ్రౌండ్ దొరికితే పగటిపూట ఎఫ్ఎం హద్దుని సులువుగా దాటి పెద్ద లాట్ అంతా కమ్మేస్తాయి. 200 కార్లు, పగటి ఆరాధన, ఎక్కువగా పాత కార్లు అనుకుంటే రేంజ్‌మాస్టర్‌కి పెట్టే వందల డాలర్లు దండగ కావు.

తెలుగు సంఘాలకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేం, రెండు కారణాల వల్ల. పొద్దుగూకగానే దూరపు ఏఎం స్టేషన్లు ఆకాశం నుంచి పరావర్తనమై వచ్చి బ్యాండ్ నిండిపోతుంది. డిసెంబర్ 24 సాయంత్రం, 31 రాత్రి ఆరాధనలకు అది పనికిరాదు, మనకి ఎక్కువ మంది వచ్చేవి ఆ రెండే. రెండోది, మన పార్కింగ్ లాట్‌లో కనిపించే టెస్లాలు. టెస్లా తన కార్లలో ఏఎం తీసేసి చాలా ఏళ్ళయింది. 2025లో వచ్చిన చవక రకం మోడల్ 3, మోడల్ వైలలో ఎఫ్ఎం కూడా లేదు. ఎఫ్ఎం వాడే సంఘం కూడా అలాంటి కార్ల కోసం నాలుగైదు చేతి రేడియోలు బ్యాటరీలతో సిద్ధంగా ఉంచుకోవాలి. కారు లోపల ఇనప పెట్టెలో ఉన్నట్టే కాబట్టి ఆ రేడియోని కిటికీ అద్దానికి ఆనించి యాంటెన్నా నిటారుగా పెట్టమని చెప్పండి, సీటు మధ్యలో పెడితే పలకదు.

100 వాట్ల ఎల్‌పీఎఫ్ఎం (తక్కువ శక్తి ఎఫ్ఎం) అనేది లైసెన్స్ స్టేషన్, ఎఫ్‌సీసీ దరఖాస్తులకి తలుపు తెరిచినప్పుడే దొరుకుతుంది. చివరిసారి తెరిచింది 2023 డిసెంబర్‌లో. ఒక పండుగ కోసం ఆ దారి పట్టలేం.

ఫ్రీక్వెన్సీ ఎంపిక

అమెరికా ఎఫ్ఎం స్టేషన్లు బేసి దశాంశాల మీద ఉంటాయి: 88.1, 88.3, 88.5 అలా 107.9 దాకా. చాలా కారు రేడియోలు కూడా ఆ మెట్లలోనే కదులుతాయి. పెట్టెని 88.4 మీద పెడితే సగం కార్లలో ఆ అంకె రానే రాదు. 87.9, 87.7 ఖాళీగా కనిపిస్తాయి కానీ అవి పార్ట్ 15 ఇచ్చిన 88-108 బయటివి, వాడకూడదు.

ఆన్‌లైన్‌లో ఖాళీ ఫ్రీక్వెన్సీలు చూపించే సైట్లు ఉన్నాయి. రేడియో లొకేటర్ వాటిలో ఒకటి. జిప్ కోడ్ ఇచ్చి మూడు నాలుగు అంకెలు రాసుకోండి. ఆ తర్వాత ఆరాధన జరిగే గంటకే లాట్‌కి కారు తీసుకెళ్ళి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి, రాసుకున్న ప్రతి అంకె మీదా ఐదు నిమిషాలు వినండి. ఉత్త హోరు తప్ప మాట గానీ పాట గానీ లీలగా కూడా వినపడకూడదు. గంట పట్టింపు ఎందుకంటే, వేసవి తెల్లవారుజామున, ముఖ్యంగా హ్యూస్టన్ లాంటి గల్ఫ్ తీరంలో, గాలి పొరల మధ్య ఎఫ్ఎం సిగ్నల్ వంగి వందల మైళ్ళ అవతలి స్టేషన్ వచ్చి పడుతుంది. శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న 88.3, ఈస్టర్ ఉదయం ఆరింటికి ఖాళీగా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే రెండో ఫ్రీక్వెన్సీ ముందే పరీక్షించి, దాని బోర్డు కూడా రాసి పెట్టుకోవాలి. బలమైన లోకల్ స్టేషన్‌కి కనీసం 0.4 దూరం ఉండండి. మామూలు ప్రసారంతో పాటు డిజిటల్‌గా కూడా పంపే హెచ్‌డీ రేడియో స్టేషన్ల డిజిటల్ అంచులు పక్క ఛానెల్‌లోకి పరుచుకుని ఉంటాయి, 0.2 దూరంలో మన సన్నని సిగ్నల్ వాటి కింద మునిగిపోతుంది.

సౌండ్: అసలు పని ఇక్కడే

స్టేజి మిక్సర్ ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ మామూలుగా 1.2 వోల్ట్‌ల లెక్కలో ఉంటుంది. చిన్న ట్రాన్స్‌మిటర్ల 3.5 ఎంఎం ఇన్‌పుట్ ఆశించేది 0.3 వోల్ట్‌లు. తేడా దాదాపు 12 డెసిబెల్స్. అలాగే తగిలిస్తే పెట్టె ఇన్‌పుట్ దగ్గరే మాట చితికిపోతుంది. తర్వాత కారులో వాల్యూమ్ ఎంత తగ్గించినా ఆ పగులు పోదు.

గొలుసు ఇలా కట్టండి. మెయిన్ అవుట్ నుంచి కాకుండా ఆక్స్ (మిక్సర్‌లో విడిగా లెవెల్ పెట్టుకోగల అదనపు అవుట్‌పుట్) ఒకటి ట్రాన్స్‌మిటర్‌కే కేటాయించండి, పోస్ట్-ఫేడర్‌గా, అంటే ఛానెల్ ఫేడర్ కదిపితే ఇదీ మారేలా. దాని తర్వాత కంప్రెసర్: నిష్పత్తి 3:1, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 150, మామూలు ప్రసంగంలో సూది 6 డెసిబెల్స్ దాకా దిగేలా. దాని తర్వాత లిమిటర్, లెవెల్ ఒక గీత దాటకుండా ఆపేది. ఈ రెండూ ఎందుకో ఒక్క ఢోలక్ దెబ్బ వింటే తెలుస్తుంది: పాటలో ఢోలక్ కొట్టినప్పుడు లెవెల్ ఎగిరి పెట్టెని తన్నేస్తుంది, తర్వాత పాస్టర్ గారు మెల్లగా ప్రార్థన మొదలుపెడితే కారు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. కంప్రెసర్ ఆ రెండింటినీ దగ్గరికి తెస్తుంది. అక్కడి నుంచి పొడుగు ఎక్స్ఎల్ఆర్, గొట్టం అడుగున ఏఆర్‌టీ డీటీఐ లాంటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, దాని ఆర్‌సీఏ అవుట్‌పుట్ నుంచి పొట్టి తీగతో ట్రాన్స్‌మిటర్‌లోకి. మిక్సర్ ఒక ప్లగ్గులో, ట్రాన్స్‌మిటర్ అడాప్టర్ ఇంకో ప్లగ్గులో ఉన్నప్పుడు వచ్చే 60 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దానికి ట్రాన్స్‌ఫార్మరే మందు. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్త్ కాలు విరగ్గొట్టడం మందు కాదు, ఆరుబయట మైక్ పట్టుకున్న మనిషికి అది ప్రాణాపాయం.

లెవెల్ పెట్టే పద్ధతి: మిక్సర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్ లేదా ఒకరి చేత ఆగకుండా వాక్యం చదివిస్తూ, కారులో ఒక లోకల్ స్టేషన్‌కీ మన ఫ్రీక్వెన్సీకీ మధ్య బటన్ నొక్కుతూ వినండి. మనది ఆ స్టేషన్ అంత గట్టిగా వినిపించే దాకా ఆక్స్ పెంచి, అక్కడి నుంచి రవ్వంత తగ్గించండి. ఆ నాబ్ పక్కన టేప్ ముక్క అంటించి గీత పెట్టండి. ఆరాధన మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

మోనో మాట. అదే సిగ్నల్‌ని స్టీరియోగా వింటే హోరు 20 డెసిబెల్స్‌కి పైగా పెరుగుతుంది. మనది ఒక గొంతు, కీబోర్డు, ఢోలక్. స్టీరియోతో వచ్చే లాభం సున్నా. పెట్టెలో మోనో సెట్టింగ్ ఉంటే అదే పెట్టండి. ఎడమ కుడి రెండు ఇన్‌పుట్లకీ ఒకే సౌండ్ ఇస్తే మోనో అయినట్టు కాదు, పెట్టె 19 కిలోహెర్ట్జ్ పైలట్ (ఇది స్టీరియో అని రేడియోకి చెప్పే గుర్తు) పంపుతున్నంత సేపూ రేడియో స్టీరియోగానే వింటుంది. మోనో స్విచ్ లేని పెట్టె అయితే కారు రేడియో బలహీన సిగ్నల్‌ని తనంతట తానే మోనోకి దించుతుంది, కానీ మధ్య వరుసల్లో అటూ ఇటూ మారుతూ హోరు వచ్చి పోతుంటుంది. రెండు పెట్టెల మధ్య తేల్చుకోలేకపోతే మోనో స్విచ్ ఉన్నదే తీసుకోండి.

ఇంకో రెండు. కొన్ని చిన్న పెట్టెలు సౌండ్ లేకపోతే వాటంతట అవే ఆగిపోతాయి. మౌన ప్రార్థన నిమిషం దాటితే కార్లన్నిటిలో ఒక్కసారిగా హోరు మొదలవుతుంది. కొనేటప్పుడే మాన్యువల్‌లో ఆ సంగతి చూడండి. ఉంటే మౌనప్రార్థనలో కీబోర్డు సన్నగా మోగుతూ ఉండాలి. పవర్ బ్యాంక్ మీద నడిపితే ఇంకో చిక్కు: ట్రాన్స్‌మిటర్ లాగే కరెంట్ మరీ తక్కువ కాబట్టి పవర్ బ్యాంక్ ఏమీ తగిలించలేదనుకుని ఆపేస్తుంది. తక్కువ కరెంట్ మోడ్ ఉన్నదే తీసుకోండి.

లాట్‌లో పెద్ద స్పీకర్లు కూడా పెడదామనే ఆలోచన మానుకోండి. స్పీకర్ సౌండ్ 150 అడుగులు చేరడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది, రేడియోలో అదే మాట అప్పటికప్పుడే వస్తుంది. వెనక వరుసలో ప్రతి మాటా రెండుసార్లు. పాడేవాళ్ళకి చిన్న మానిటర్ చాలు. వేదిక నుంచి గొట్టం దాకా బ్లూటూత్‌తో సౌండ్ పంపినా ఇలాంటి ఆలస్యమే. పాస్టర్ గారి పెదాలకీ మాటకీ పొంతన ఉండదు. కేబులే లాగండి.

కార్ల వైపు

గేటు దగ్గర బోర్డు అడుగు ఎత్తు అంకెలతో: ‘ఎఫ్ఎం 88.3’. దాని కింద తెలుగులో ‘సీక్ నొక్కకండి, అంకె చేత్తో పెట్టుకోండి’. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ మన సిగ్నల్ సన్నగా ఉంటుంది కాబట్టి సీక్ బటన్ దాని మీద ఆగకుండా దూకేస్తుంది, ‘మా కార్లో రావట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అదే. టచ్ స్క్రీన్ కార్లలో డైరెక్ట్ ట్యూన్ ఎక్కడుందో తెలిసిన ఇద్దరు యువకుల్ని గేటు దగ్గర నిలబెట్టండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి కొడుకు కార్లో వెనక సీట్లో కూర్చుంటారు, డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్ళు పిల్లాడి కోసం దిగిపోతారు. ఆ స్క్రీన్ ఆరిపోతే వాళ్ళకి మళ్ళీ పెట్టడం రాదు.

పుష్ బటన్ కార్లు యాక్సెసరీ మోడ్‌లో కొన్నిట్లో 20 నిమిషాలకే ఆగిపోతాయి. హైబ్రిడ్‌లని రెడీ మోడ్‌లోనే ఉంచమనండి, బ్యాటరీ దిగదు. పెట్రోల్ కార్లు గంటన్నర యాక్సెసరీలో ఉండి, హెడ్‌లైట్లు కూడా ఆటోలో వెలుగుతూ ఉంటే పాత బ్యాటరీ తప్పకుండా దిగిపోతుంది. లైట్ల నాబ్ చేత్తో ఆఫ్‌కి తిప్పమని ఆరాధనకు ముందే మైక్‌లో చెప్పండి. చలికి ఇంజిన్ నడుపుతూ కూర్చునేవాళ్ళు ముందు వెంట్‌లు తెరిచి ఉంచాలి, మంచు పడ్డ రోజు సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోలేదని దిగి చూసుకోవాలి. అది కార్బన్ మోనాక్సైడ్ వ్యవహారం, నిర్లక్ష్యం చేయకూడనిది. జంప్ స్టార్టర్ ప్యాక్ ఒకటి ఛార్జ్ చేసి గేటు దగ్గర పెట్టండి, డిసెంబర్ 31 రాత్రికైతే రెండు.